రెండు ఫోన్లు పక్కపక్కన

పదకొండో భాగం

పోయిన వారం మనం స్తుతిని కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర, సుధాకర్ సెల్ షాపులో నిలబెట్టి వచ్చేశాం. కుడిచేతిలో కొత్త ఆండ్రాయిడ్, ఎడమచేతిలో ఐఫోన్. ఏది కొనాలో తేలక ఆమె అక్కడే ఉంది పాపం, వారం నుంచీ.

కొత్తగా చదివేవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పాలంటే, స్తుతి ఆసుపత్రిలో నర్సు. భర్త బెన్నీ బడిపంతులు, మెథడిస్టు చర్చి క్వయర్‌కు కీబోర్డు వాయిస్తాడు. కోత పండుగ ఆరాధనలో స్తుతి పాడే పాట ఆమె తండ్రి, కాగజ్‌నగర్ సువార్తికుడు అబ్రహాం కట్టింది. ఆయన ఇప్పుడు లేడు. పెళ్లయి ఈ ఊరొచ్చిన ఏటి నుంచీ ఆ పాట స్తుతిదే. ఆమె గొంతు ఎత్తితేనే జనం మక్క కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు పట్టుకుని కానుకల బల్ల దగ్గరికి నడుస్తారు. అంతా సవ్యంగానే ఉండేది, హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చానంటూ బ్యాంకు ఉద్యోగి గ్రేస్ క్వయర్‌లో చేరేదాకా.

గ్రేస్‌ది ఐఫోన్. బెన్నీదీ ఐఫోనే. ప్రాక్టీసు అయిపోగానే ఇద్దరూ ఫోన్ల తలలు దగ్గరకు చేర్చేవాళ్లు, పాట ఇందులోంచి అందులోకి దూకేది. స్తుతి తన ఫోను కూడా ముందుకు చాపితే గ్రేస్ నవ్వుతూ, "నీది ఆండ్రాయిడ్ కదా వదినె. నీకు వాట్సాప్‌ల పెడ్త తియ్యి," అనేది. ఆ "తియ్యి" అన్న మాట స్తుతికి అన్నం ముద్ద మింగుతున్నా గొంతులో అడ్డం పడేది. కట్టుకున్న మొగుడి ఫోను పరాయి ఆడదాని ఫోనుకు తల ఆనించి నిలబడితే, తాను వాట్సాప్ దాకా ఆగాలి!

అదీ సంగతి. ఇక షాపులోకి పదండి.

"అక్కా, ఒక్క మాట చెప్త ఇను," అన్నాడు సుధాకర్. అతనిది సిరిసిల్ల. మగ్గాల పని వదిలి ఫోన్ల వ్యాపారంలోకి వచ్చిన మనిషి. ఇప్పటికీ ఏ వస్తువు చేతికొచ్చినా బట్ట నాణ్యం చూసినట్లు బొటనవేలితో రుద్ది చూస్తాడు. "నువ్వు ఇన్నేండ్లు ఆండ్రాయిడే వాడినవ్. చెయ్యికి అలవాటున్నది. ఎనుకకు పోవాల్నంటే కింద బటనున్నది. పాటలు ఏ ఫోల్డర్ల పెట్టుకుంటే ఆడనే ఉంటయ్. నీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఐఫోన్‌ది గట్ల కాదు. అది చెప్పినట్టు మనం ఇనాలె."

"మరి గా పక్కపక్కన పెట్టి పాటలు పంపుకునుడు దీంట్ల అయితదా?"

"ఎందుకు గాదు? అయితది. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కు."

"మా ఇంట్ల ఆండ్రాయిడ్ నాదొక్కదే."

సుధాకర్ అయోమయంగా చూశాడు. "అన్నతోని పాటలు పంపుకునుడే ముఖ్యమా అక్కా నీకు? దినాం ఒక్కింట్లనే ఉంటరు కదా?"

స్తుతికి ముఖం భగ్గుమంది. కెమెరా ఎట్లా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, పడితే పగులుతుందా అని లోకమంతా అడిగే ప్రశ్నలు ఆమె ఒక్కటీ అడగలేదు. ఆ ఇద్దరి ఫోన్ల మధ్య తనకింత చోటు కావాలి, అంతే. ఆండ్రాయిడ్‌ను గాజుబల్ల మీద పెట్టేసి ఐఫోన్‌ను సుధాకర్ చేతికిచ్చింది.

"గిదే ఇయ్యి. చాలూ చేసియ్యి."

"సరే. ఐడీ ఒకటి చెయ్యాలె. మెయిల్, పాస్‌వర్డ్ చెప్పక్కా."

తనకు మెయిల్ ఉందని స్తుతికి తెలుసు. దానికి పాస్‌వర్డ్ పెట్టింది ఎవరో, ఎప్పుడో ఆమెకు గుర్తులేదు. "మా ఆయనదే ఎక్కియ్యి. ఆలుమొగలకు రెండెందుకు?"

వాళ్లింట్లో అన్నీ అంతే. ఒకటే రేషన్ కార్డు, ఆరాధనకు తీసుకుపోయే బైబిలు ఒకటే, చర్చి కానుక కవరు మీద కూడా ఇద్దరి పేర్లు కలిపి ఒకటే గీత మీద ఉంటాయి. సుధాకర్ నసిగాడు.

"వద్దక్కా. ఒక్కటే ఐడీ పెడితె ఆడియి ఈడ, ఈడియి ఆడ కలిసిపోతయ్. మల్ల పరేషాన్ అయితరు."

"కలవనియ్యి! ఏం దాసుకునేటియి ఉన్నయ్?" అంది స్తుతి, కొంచెం గట్టిగానే.

బెన్నీకి ఫోన్ చేసింది. అతను పాస్‌వర్డ్ చెప్పాడు. ఆ వెంటనే తన ఫోనుకు వచ్చిన నంబరు కూడా ఒక్కొక్క అంకే చదివి చెప్పి, "ఐఫోన్ తీసుకున్నవా? ఆండ్రాయిడే మంచిగుండె గద నీకు," అన్నాడు నవ్వుతూ. గుట్టు ఉన్న మగాడు ఇంటి తాళం అట్లా చేతిలో పెట్టడని స్తుతికి ఆ నిమిషాన తట్టి ఉంటే మన కథ ఇక్కడితో అయిపోయేది. అసూయ పట్టిన బుర్రకు అట్లాంటివి తట్టవు. నవ్వాడు కాబట్టి ఏదో ఉందనుకుంది.

వాట్సాప్ పాత ఫోను నుంచి మార్చడానికి చాలాసేపు పడుతుందని, పొద్దున మళ్లీ రమ్మని సుధాకర్ పంపించాడు. మంకమ్మతోటలో ఇంటికి చేరేసరికి బెన్నీ లేడు. ఎక్కడికి పోయి ఉంటాడు? ఇంకెక్కడికి! స్తుతి బెండకాయలు ముందేసుకుని కొత్త ఫోను తడమడం మొదలుపెట్టింది. వెనక్కి పోయే బటను కోసం రెండుసార్లు ఉత్త గాజును నొక్కింది. మూడోసారి చేతికి రికార్డరు తగిలింది.

కాగజ్‌నగర్‌లో ఉన్న అక్క దీవెనకు ఏ కష్టమైనా గొంతుతోనే పంపడం ఆమె అలవాటు. వాట్సాప్ రేపు వస్తుంది కదా, మాట ఇప్పుడే చెప్పి పెట్టుకుంటే రేపు పంపవచ్చు. ఎర్రచుక్క నొక్కి, ఫోను గట్టు మీద పెట్టి, బెండకాయలు కోస్తూ కడుపులో ఉన్నదంతా కక్కింది. అందులో గ్రేస్ సంగతి కూడా ఉంది. ఆ సంగతి దీవెనే చెప్పింది, ఎవరితోనూ అనొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ. బ్యాంకే బదిలీ చేసిందన్న గ్రేస్ మాట వట్టిదే. పెనిమిటి ఇంకొక ఆమెను ఇంట్లో తెచ్చి పెట్టుకుంటే, గ్రేస్ బట్టల సంచితో బయటికొచ్చి, తల్లిని వెంటబెట్టుకుని, తానే అడిగి కరీంనగర్ వేయించుకుంది. దీవెన ఆడపడుచు హైదరాబాద్‌లో వాళ్ల పక్కింట్లోనే ఉండేది కాబట్టి తెలిసింది. ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

ఆ బాధను స్తుతి తన నోట్లో వేసుకుని, తప్పంతా గ్రేస్‌దే అన్నట్టు ఎట్లా మార్చిందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీరు తొందర్లోనే వింటారు.

ఆపు నొక్కగానే ఫోను దానంతటదే ఆ రికార్డుకు పేరు పెట్టుకుంది, "మంకమ్మతోట" అని. ఏ చోట మాట్లాడితే ఆ చోటు పేరు పెడుతుందట. ముచ్చటేసింది స్తుతికి. కడుపు తేలికై కూర కూడా బాగా కుదిరింది.

శనివారం పొద్దున సుధాకర్ వాట్సాప్ ఎక్కించి ఇచ్చాడు. డ్యూటీ దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఆ మాట దీవెనకు పంపుదామని స్తుతి రికార్డరు తెరిచింది. నిన్న ఒక్కటే ఉన్న చోట ఇవాళ బారెడు వరస ఉంది. పైన తన మంకమ్మతోట. దాని కింద భగత్‌నగర్. మళ్లీ భగత్‌నగర్. ఒక మంకమ్మతోట. మళ్లీ భగత్‌నగర్.

గ్రేస్, వాళ్లమ్మ అద్దెకుండేది భగత్‌నగర్‌లో.

సుధాకర్ చెప్పిన కలిసిపోవడం ఇదే అన్నమాట. బెన్నీ ఫోనులోవన్నీ తన ఫోనులోకి వచ్చిపడ్డాయి. ముందు ఫోటోలు తెరిచింది. బడిపిల్లలు, పదో తరగతి మార్కులు, కొండగట్టు దారిలో పంక్చరైన బండి, చర్చి స్పీకరు వెనక వైర్లు. గ్రేస్ ఫోటో ఒక్కటి కూడా లేదు. "అన్నీ తీసేసిండు, దొంగ!" అనుకుంది స్తుతి. ఉంటే ఒక బాధ, లేకపోతే రెండు బాధలు.

మళ్లీ రికార్డరుకు వచ్చి భగత్‌నగర్ మీద వేలు పెట్టింది.

గ్రేస్ గొంతు. అది పాడుతున్నది తన తండ్రి పాట, బాపు పాట. గోధుమ గింజను తలచుకుని మొదలై, మూడో చరణంలో "కోత యజమానీ" అని ఆకాశానికి ఎక్కే పాట. ఆ ఎక్కే చోట గ్రేస్ గొంతు ఏ ఆయాసమూ లేకుండా ఎక్కి, పైన కాసేపు నిలిచి, మెల్లగా దిగింది. బాగుంది. స్తుతి ఏడుపంతా అదే, బాగుంది. మొగుడు పోతే పోనీ, బాపు పాట కూడా తీసుకుందా ఈ మనిషి? రోషంతో ఆమె చెవులు హోరెత్తాయి. ఆపేద్దామని వేలు చాపింది కానీ, పాట అయిపోయినా రికార్డు ఆగలేదు. బెన్నీ ఆపడం మరిచిపోయినట్టున్నాడు. కుక్కరు కూసింది. గ్రేస్ తల్లి దూరం నుంచి, "చాయ్ తాగుతవా బిడ్డా?" అని అడిగింది.

"ఇప్పుడు సరిపోయిందా అన్నా?" గ్రేస్ గొంతు.

"ఇంకా జర తక్కువ పాడాలె," అన్నాడు బెన్నీ. "నీ గొంతు నీకే ఇనవడాలె. స్తుతి ఎనుక నిలవడి, గా మూడో చరణంల ఆమె గొంతు ఇరిగే కాడ మాత్రం ఎత్తుకో. మల్ల వెంటనే ఇడిసిపెట్టు. జనానికి ఆమెనే పాడినట్టు ఉండాలె."

"వదినెకు చెప్పరాదే అన్నా? ఎన్నడన్న తెలిస్తె ఇంకెక్కువ బాధపడ్తది."

చాయ్ కప్పు కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత బెన్నీ గొంతు, స్తుతి ఎన్నడూ వినని మెత్తదనంతో:

"ఎట్ల చెప్పాలె గ్రేసూ? థైరాయిడ్ ఆపరేషన్ అయిన కాడికెల్లి ఆ మెట్టు ఆమెకు అందుతలే. పోయిన పండుగకు ఇరిగింది. మన క్వయర్ల లచ్చవ్వోళ్లు ఒకళ్ల మొఖం ఒకళ్లు సూసుకున్నరు. ఆమెకు ఎరుకలే, మంచిగనే పాడిన అనుకున్నది. ఇంటికొచ్చి బాపు ఫోటో ముంగట నిలవడి నవ్వింది. గా నవ్వు సూసినంక నాకు నోరు రాలే."

"నేను ఎవ్వలికీ చెప్పనన్నా. సచ్చినా చెప్ప."

రికార్డు ఆగిపోయింది. స్తుతి ఆ ఫోనును ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. బెన్నీ మనసు ఆ పిల్ల మీద పడిందని తెలిసినా ఇంత నొప్పి పుట్టేది కాదు. దానికి కేకలు వేయవచ్చు, పుట్టింటికి పోవచ్చు, నలుగురిని పిలిచి పెద్దమనుషుల్లో పెట్టవచ్చు. దీనికి ఏం చేస్తారు? లేచి నిలబడి, గొంతు సవరించుకుని, మూడో చరణం ఎత్తుకుంది. "కోత యజమానీ" దగ్గర గొంతు పైకి పోయి, ఎండిన పుల్లలా చిట్లింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ చిట్లింది. ఏడాదిగా తన చెవి తనకు అబద్ధం చెప్పింది. ఊరందరికీ తెలుసు. ఆ గ్రేసుకు కూడా తెలుసు!

అసూయ చల్లారలేదు. ఇన్నాళ్లూ గ్రేస్ ఫోను చూసి, నవ్వు చూసి కుళ్లుకుంది. ఇప్పుడు ఆ గొంతు మీదికి మళ్లింది, అంతే తేడా. నన్ను అడగకుండా నా పాటకు అతుకు వేయడానికి వీళ్లెవరు? దీవెనకు మాట పంపాలన్న సంగతే మరిచిపోయి, చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది. సాయంత్రం ప్రాక్టీసు మొదలుకాక ముందే వాళ్లిద్దరినీ అందరి ముందర నిలదీయాలి.

చర్చి మెట్ల మీదే గ్రేస్ ఎదురైంది. చేతిలో మంచినీళ్ల సీసాలు, ముఖం మీద ఎప్పటి నవ్వే.

"వచ్చినవా వదినె! కొత్త ఫోన్ తీసుకున్నవంట. ఇగ మనం సుత పక్కపక్కన పెట్టి పంపుకోవచ్చు."

"మా బాపు పాట నీకు ఎవ్వలు నేర్పిండ్రు?"

గ్రేస్ నవ్వు పోయింది. సీసాలు మెట్టు మీద పెట్టింది. లోపల క్వయర్ వాళ్లు బెంచీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"చెప్పవేందే? మూడో చరణం సుత మంచిగ ఎక్కవడ్తివి గదా! ఎవ్వలు నేర్పిండ్రు? ఎందుకు నేర్పిండ్రు?"

స్తుతి కావాలనే ఆ రెండో ప్రశ్న అడిగింది. ఒక్క మాట చాలు. నీ గొంతు పోయింది వదినె అంటే చాలు, గ్రేస్ గెలిచినట్టే. అనమనే స్తుతి అక్కడ నిలబడింది. అంటే జుట్టు పట్టుకోవడానికి కూడా సిద్ధంగా ఉంది.

గ్రేస్ తల వంచుకుంది. "తప్పు నాదే వదినె. మస్తు మంచి పాట అని నాకే ఆశ పుట్టింది. అన్నను నేనే సతాయించిన. అన్న వద్దనే అన్నడు. నీకు కోపమైతె గీ పండుగకు నేను క్వయర్ల నిలవడ. నువ్వే పాడు. అది నీ పాటనే."

అబద్ధం ఆడుతోంది ఈ పిల్ల. తన మీద వేసుకుని మరీ ఆడుతోంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అసలు మాట బయటికి రానివ్వడం లేదు. ఇంకొకరి గుట్టు ఇంత భద్రంగా మోసే మనిషిని స్తుతి ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. తానైతే మోసేదా? తన చేతికి గ్రేస్ గుట్టు దొరికితే తాను ఏం చేసింది? నిన్న, బెండకాయలు కోస్తూ...

అప్పుడు తట్టింది.

అతని ఫోనులోవి తన ఫోనులోకి వచ్చాయి. మరి తన ఫోనులోవి?

ఆండ్రాయిడ్ ఉన్నన్నాళ్లూ తాను అన్న మాట తాను పంపితేనే కదిలేది. దాన్ని గాజుబల్ల మీద వదిలేసి వచ్చింది తానే. కలవనియ్యి, ఏం దాసుకునేటియి ఉన్నయ్ అన్నది కూడా తానే.

లోపల స్పీకరు గుయ్యిమంది. మైకులో బెన్నీ గొంతు: "అందరు జర ఇటు ఇనుండ్రి. నిన్న పొద్దుగాల ఇంట్ల ఆల్టో వరస, ఆడోళ్ల కింది గొంతుది, వాయించి రికార్డు చేసిన. మొదలు గది ఇందాం, తర్వాత పాడుదాం."

స్తుతి గ్రేస్‌ను తప్పించుకుని తలుపు దాకా ఉరికింది. చర్చి పొడుగునా బెంచీలు. ఆ చివర బల్ల పక్కన కీబోర్డు, దాని మీద బెన్నీ ఫోను, దానికి తగిలించిన స్పీకరు వైరు. ముందు వరసలో లచ్చవ్వ కంజీర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బెన్నీ వరసలో అన్నిటికంటే పైన ఉన్న మంకమ్మతోట చూశాడు. తన ఇల్లే, తన రికార్డే అనుకున్నాడు. వేలితో తట్టి, ఊడిన ప్లగ్గు పెట్టడానికి కీబోర్డు కిందికి వంగాడు.

"ఆపు!" అని అరవబోయింది స్తుతి. స్పీకర్లో టకటక చప్పుడు మొదలైంది. పీట మీద కత్తి పడుతున్న చప్పుడు.

"గిదేం తాళమే, అవ్వా!" అంది లచ్చవ్వ. అందరూ నవ్వారు.

"దీవెనక్కా, మంచిగున్నవా?" చర్చి నిండా స్తుతి గొంతు మోగింది. "కొత్త ఫోన్ల మాట్లాడుతున్న. ఐఫోనే తీసుకున్న, ఎందుకంటవా? గా గ్రేసు సంగతి చెప్త ఇను..."

నవ్వులు సగంలో ఆగాయి. తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. స్తుతి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. గ్రేస్ మెట్లెక్కి వచ్చి తలుపులో నిలబడింది.

తర్వాత ఏ మాట వస్తుందో ఈ లోకంలో స్తుతి ఒక్కదానికే తెలుసు. ఫోను దాకా పోయేంత వ్యవధి లేదు. చేతిలో ఏమీ లేదు, అరిస్తే ఇంకా శ్రద్ధగా వింటారు. ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే. అదీ పగిలిపోయినది.

స్తుతి కళ్లు మూసుకుని, కడుపులోంచి గొంతు తీసి, బాపు పాట ఎత్తుకుంది. మొదటి చరణం కాదు, రెండోదీ కాదు. స్పీకరును మింగగలిగేది మూడోదొక్కటే. ఏమిటో అర్థం కాకపోయినా లచ్చవ్వ చెయ్యి దానంతటదే కంజీర మీద పడింది. కీబోర్డు కింద నుంచి లేవబోయి బెన్నీ తల కొట్టుకున్నాడు. పాట కింద, నీళ్ల కింద రాయిలా, "దాని మొగడు" అన్న తన గొంతే స్తుతికి వినిపించింది. ఇంకా గట్టిగా పాడింది. ఏ అందం కోసమూ కాదు, ఆ రెండో గొంతును తొక్కేయడానికి పాడింది.

"కోత యజమానీ" వచ్చింది. గొంతు పైకి లేచింది, ఎక్కింది, ఎప్పుడూ విరిగే చోటికి చేరి చిట్లడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే, తలుపులో, గ్రేస్ గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం ఆమెకు వినిపించింది. పాట అందుకోవడానికా, స్పీకర్లో మోగుతున్న తన పేరు సంగతేమిటని అడగడానికా? స్తుతికి వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.